వంతుల ఇల్లు, వారం ఓనర్లు

రిసార్టులో ఉద్యోగం అనగానే ఫిజీలోని మా నటబువా ఊరి పిల్లలు చెవి వెనక పువ్వు పెట్టుకుని సముద్రపు గాలికి నవ్వుతూ నిలబడటం అనుకుంటారు. అది ముందు హాల్లో వాళ్ళ పని. నేను పనిచేసింది పక్క గదిలో, 'ఓనర్ల బల్ల' అని పిలిచే చోట. అక్కడ పువ్వు పెట్టుకున్నా ఎవరూ చూడరు. తలుపు తోసుకుని లోపలికి వచ్చే మనిషి ముఖం అప్పటికే ఎర్రబడి ఉంటుంది.

ఇప్పుడు మా చెల్లెలి కూతురు అదే బల్ల దగ్గర చేరబోతోంది. మొన్న ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, "మౌసీ, ఏం నేర్చుకోవాల్నో చెప్పు" అని నా వసారాలో కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెడితే ఆపను, వాళ్ళకు బస్సు తప్పిపోతుంది. అందుకని రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే, మా నాన్న బడిపంతులు. ఊరంతా హిందీలో మాట్లాడుకుంటుంటే మాకు మాత్రం చెవి మెలిపెట్టి తెలుగు అక్షరాలు నేర్పాడు. పిల్లలకు చదవడం రాకపోతే నేనే చదివి వినిపిస్తాను, టీ మాత్రం వాళ్ళే పెట్టాలి.

ప్రమోషన్లు, ఫైళ్ళు, ఎవరి కుర్చీ ఎవరికి దక్కింది అన్న కథలు ఇందులో లేవు. వాటి వల్ల నాకేమీ తెలివి రాలేదు.

అసలు ఇది ఏమిటి

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నేను రెండు జడలకూ రిబ్బన్లు కట్టుకుని బడి మైదానంలో కొత్త జెండాకు సలాం కొట్టిన పిల్లని. అప్పటికి మా ఒడ్డున చెరుకూ కొబ్బరీ తప్ప చెప్పుకోదగ్గవేమీ లేవు. తర్వాత హోటళ్ళు వచ్చాయి. ఆ వెనకే ఈ టైమ్‌షేర్ అనే వింత బేరం వచ్చింది.

ఫ్లాటు ఒకటే. ఏడాదిలో ఒక్కో వారానికి ఒక్కో కుటుంబం యజమాని. మన వారం వచ్చినప్పుడు తాళం మనది. శనివారం పొద్దున పదింటికి తాళం ఇచ్చేసి వెళ్ళాలి, మధ్యాహ్నం రెండింటికి తర్వాతి వారం యజమాని దిగుతాడు. ఆ నడుమ ఊడ్చి, తుడిచి, దుప్పట్లు మార్చాలి. ఇలా ఏటా, ఏళ్ళ తరబడి.

చేరిన కొత్తలో దీన్ని ఇంట్లో అర్థమయ్యేలా చెప్పలేక తంటాలు పడుతుంటే మా అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది. "అదేమి గొప్ప? గ్యాంగ్‌లో కోత వంతు మాదిరే గదా. నీ వంతు వస్తే నీది, పోతే ఇంకొకడిది" అంది.

గ్యాంగ్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా వైపు చెరుకు రైతులు కొంతమంది కలిసి ఒక జట్టు కడతారు. అందరూ కలిసి ఇవాళ ఒకడి పొలం కోస్తే, రేపు ఇంకొకడిది కోస్తారు. ఎవరి వంతు ఎప్పుడన్నది సీజను మొదట్లోనే జట్టు పెద్ద, సర్దార్ అంటాం, అందరినీ చాప మీద కూర్చోబెట్టి తేలుస్తాడు. ఎవరి పొలం కోస్తే ఆ రోజు భోజనం వాళ్ళింట్లోనే. కంపెనీ వాళ్ళు మాకు పెట్టిన శిక్షణ కంటే అవ్వ చెప్పిన ఆ మాటే నాకు ఎక్కువ కాలం పనికొచ్చింది.

నా ఇంట్లో ఎవరో పడుకున్నారు!

బల్ల దగ్గర ఎక్కువగా వినబడే కేక ఇది. మా క్యాలెండరులో వారాలకు నంబర్లుంటాయి. మొదటి వారం ఏ శనివారంతో మొదలవుతుందో ఏటా కొంచెం మారుతుంది. నిరుడు వచ్చిన తేదీకే ఈ ఏడూ వస్తానంటే ఒక్కోసారి వారం తప్పుతుంది.

ఒక ఆస్ట్రేలియా పెద్దమనిషి అలాగే వారం ముందు దిగాడు. నేరుగా ఫ్లాటుకు వెళ్ళి తలుపు బాదాడు. లోపల ఎవరో స్నానం చేస్తున్నారు. అక్కడి నుంచి నా దగ్గరికి వచ్చి, పోలీసులను పిలవమన్నాడు. తప్పు ఆయనదేనని నాకు తెలుసు, ఆయన భార్యకు నాకంటే ముందే తెలుసు. ఆవిడ పైకప్పు వైపు చూస్తూ నిలబడింది.

ఇలాంటప్పుడు నేర్చుకోవలసింది ఒకటే. ముందు కుర్చీ, తర్వాత టీ, ఆ తర్వాతే క్యాలెండరు. నిలబడి ఉన్న మనిషికి తప్పు చూపిస్తే ఒప్పుకోడు. కూర్చుని కప్పు చేతిలో పట్టుకున్నవాడు ఒప్పుకుంటాడు. ఆయనను ఆ వారానికి ఖాళీగా ఉన్న వేరే ఫ్లాటులో సర్దాం. మరుసటి ఏడు నుంచి ప్రయాణానికి ముందు భార్యే ఫోన్ చేసి తేదీ రూఢి చేసుకునేది, ఆయనకు చెప్పవద్దని నవ్వుతూ.

నేను రాలేదుగా, నేనెందుకు కట్టాలి?

నిర్వహణ ఖర్చు గురించి. ఈ ప్రశ్నకు సంస్థ నేర్పిన జవాబు పొడుగ్గా ఉంటుంది. నా జవాబు పొట్టిది: "మీరు రాలేదు, వాన వచ్చింది." కప్పు ఎవరు వచ్చారో చూసి కారదు. తుపాను కొట్టిన ఏడు మామూలు కంటే ఎక్కువే అడగవలసి వస్తుంది. ఇది న్యాయమైన ఖర్చే. అయితే అమ్మేటప్పుడు ఈ ఖర్చు ఏటా పెరుగుతుందని చెప్పకుండా పూలదండ వేసి సంతకం చేయించుకోవడం న్యాయం కాదు. ఇల్లు అలకగానే పండగ కాదని అమ్మకాల కుర్రాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఒక్క పూట మాట్లాడి వెళ్ళిపోతారు. ఆ మాటకు ఏళ్ళ తరబడి జవాబు చెప్పేది మనం.

అమ్మితే ఎంతొస్తుంది?

చాలామందికి ఈ జవాబు చెప్పడం కష్టంగా ఉంటుంది. కష్టమైనా చెప్పండి. ఇది భూమి కాదు, పూలదండ. పెట్టుకోవడానికి కొనాలి గానీ రేపు అమ్ముకోవడానికి కాదు. కొన్న ధర తిరిగి రాదు. ఒక్కోసారి ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు దొరకడు.

అలాంటి ఓనరుకు ఒక రోజు ఎక్కడి నుంచో తియ్యటి గొంతుతో ఫోన్ వస్తుంది. మీ వారం కొనడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు, ముందు మా ఖర్చులు పంపండి, అని. కొనేవాడు ఇస్తాడు గానీ అడగడు. ఇది నేను గొంతు పోయేలా చెప్పాను. అయినా ఒక రిటైరైన టీచరమ్మ పంపేసింది. ఆ కొనేవాడు ఇంకా వస్తూనే ఉన్నాడు.

పిల్లల పేర రాయవచ్చా అంటారు. నిక్షేపంగా రాయవచ్చు, ముందు పిల్లలను అడగండి. నా వారం ఇచ్చి స్పెయిన్‌లో వారం తీసుకోవచ్చా అంటారు. తీసుకోవచ్చు, చాలా ముందుగా అడిగితే, స్పెయిన్ వాళ్ళకు కూడా మన వానాకాలం కావాలనిపిస్తే.

మార్గరెట్ ప్రశ్న

నా మొదటి బాస్ న్యూజీలాండ్ నుంచి వచ్చిన మార్గరెట్. పొడుగ్గా, ఎండకు కమిలిన ముక్కుతో, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు నడిచేది. ఆవిడ నాకు నేర్పిన విద్య ఒక్కటే. "ఓనరు ఏం కొన్నాడో ముందు తెలుసుకో. కాగితంలో రాసింది కాదు, వాళ్ళ మనసులో ఉన్నది." ఎవరైనా కోపంతో వస్తే ఆవిడ ఒకటే అడిగేది: "మీరు వచ్చిన మొదటి రోజు పొద్దున్నే ఏం చేస్తారు?" జవాబులో అంతా తెలిసిపోయేది. ఒకాయన ఈత కొలను మూలన ఫలానా కుర్చీ అన్నాడు. ఒకావిడ, ఏమీ చేయను, అందుకే వస్తాను అంది.

ఈ ప్రశ్న విలువ నాకు బాగా తెలిసింది రాములు తాతతో.

పాలు పొంగిన రోజు

ప్రభుత్వం కూలి, విదేశీయులు రావడానికి జంకిన రోజులవి. అమ్మకాల వాళ్ళు దిక్కు తోచక ఊళ్ళో వాళ్ళకే వారాలు అమ్మడం మొదలుపెట్టారు. అప్పుడు కొన్నాడు రాములు తాత. రిసార్టు వెనక రోడ్డు దాటితే కొండ కింద చెరుకు పొలాలు. వాటిలో ఒకటి తండ్రి తర్వాత ఆయన సాగు చేసిన లీజు భూమి. గడువు తీరింది. భూమి దాని సొంతదారులైన స్థానిక ఫిజియన్ వంశానికి తిరిగి వెళ్ళింది. తాత, భార్య గౌరమ్మ అవ్వ, ఇల్లు విప్పి రేకులూ కలపా లారీకి ఎత్తి, దేశానికి ఆ చివరనున్న నౌసోరిలో తమ్ముడి వరి పొలం పక్కన గుడిసె వేసుకున్నారు.

అటువంటి మనిషితో అమ్మకాల కుర్రాడు, "మీ సొంత ఇల్లు, ఎప్పటికీ మీదే" అన్నాడు. మిగతా వాళ్ళకు అది వట్టి ప్రకటన. తాతకు అలా కాదు. ఆయన సముద్రం వైపు ఫ్లాట్లేవీ చూడనన్నాడు. వంటింటి కిటికీ వెనక కొండ వైపుకు తెరుచుకునే పద్నాలుగో నంబరు అడిగాడు. చెరుకు కోతల నడిమి వారం అడిగాడు. ఎవరికీ పట్టని ఫ్లాటు అమ్ముడుపోయిందని కుర్రాడు ఆ సాయంత్రం పార్టీ చేసుకున్నాడు.

వాళ్ళ మొదటి శనివారం పొద్దున్నే రిసార్టు ముందు ఒక వ్యాన్ ఆగింది. అందులోంచి దిగుతూనే ఉన్నారు జనం. చివరకు గౌరమ్మ అవ్వ దిగింది, పసుపుపచ్చ చీర, ఒక చేత్తో ఇత్తడి గిన్నె, ఇంకో చేత్తో గుమ్మడికాయ. వెనక ఎవరో మామిడాకుల తోరణం పట్టుకున్నారు. నాకు విషయం అర్థమైంది.

"అవ్వా, లోపలికి పోయేది రెండింటికి" అన్నాను.

"ఇంట్లో కాలు పెట్టే మూరత్ ఎనిమిదికి, బిడ్డా. శనివారమేందని నౌసోరి పంతులు గొణిగినాడు. ఏమి చేసేది, మీ వారం శనివారమే షురూ అయితాది గదా. తొమ్మిది దాటితే రాహుకాలం."

"లోపల ఇంకా వేరేవాళ్ళున్నారు అవ్వా."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మన ఇంట్లో వేరేవాళ్ళు ఎందుకున్నారు?"

నేను తాత వైపు చూశాను. తాత తల దించుకుని గుమ్మడికాయ కాడ గిల్లుతున్నాడు. వంతు సంగతి ఆయనకు తెలుసు, భార్యకు మాత్రం సగమే చెప్పినట్టున్నాడు.

ఇంతలో గోల విని మార్గరెట్ బయటికి వచ్చింది. గుమ్మడికాయను చూసింది, గిన్నెను చూసింది. తన ప్రశ్న నా చేత అడిగించింది. మొదటి రోజు పొద్దున్నే ఏం చేస్తారు? పాలు పొంగిస్తాం, అంది అవ్వ.

"పొంగడానికి ఎంతసేపు?" అంది మార్గరెట్. కాసేపే అన్నాను. "అయితే పద, తలుపు కొడదాం."

తలుపు తీసినావిడ పేరు హెలెన్, న్యూజీలాండ్ మనిషి, తాత వారానికి ముందు వారం ఓనరు. రాత్రి గౌనులో ఉంది. వెనక ఆమె భర్త బ్రూస్ ఒక కాలికి మేజోడు తొడిగి రెండోది వెతుక్కుంటున్నాడు. మార్గరెట్ చెప్పింది విని హెలెన్ గడియారం వైపు చూసింది. "పదింటి దాకా ఇది మా ఇల్లు. అయితే ఏం, లోపలికి రండి" అంది. అంతే, వ్యాన్ మొత్తం లోపలికి వెళ్ళింది.

కరెంటు పొయ్యి మీద పాలు పొంగించడం మా అవ్వలకు కొత్త. అది నిదానంగా వేడెక్కి, వేడెక్కాక ఆగదు. పాలు పొంగాయి, ఇంకా పొంగాయి, పొయ్యి మీదంతా పడి మాడి గుప్పున పొగ లేచింది. "గోవిందా" అని అందరూ ఒక్క గొంతుతో అనేసరికి పైనున్న పొగ గంట కూడా గొంతు కలిపింది. రిసార్టు మొత్తం వినబడేలా మోగింది. మరమ్మతు పనులు చూసే సెమి నిప్పార్పే సిలిండరు భుజాన వేసుకుని మెట్లెక్కి పరుగెత్తుకు వచ్చాడు.

"ఆగ్ కహాఁ? నిప్పెక్కడ?" అని అరిచి, పొగలో నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయాడు. "రాములు కాకా!"

సెమి ఫిజియన్. తాత చేసిన పొలం అతని వంశానిదే. చిన్నప్పుడు తాత వాకిట్లో రొట్టెలు తిని పెరిగినవాడు. మాకంటే మంచి హిందీ మాట్లాడతాడు. ఇప్పుడు రిసార్టు పని అయ్యాక సాయంత్రాలు ఆ పొలం చేస్తున్నది అతనే. అతను ఏమంటాడో, తాత ఏమంటాడో అని నేను బిక్కచచ్చి చూస్తున్నాను. తాత అతని చెయ్యి పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. రోడ్డు అవతల, చెరుకు బండ్లను లాగే చిన్న రైలు పట్టాల పక్కన, సగం కోసిన పొలం కనబడుతోంది.

"కోత వంతు ఇంకా ఈ వారమేనా, సెమీ?"

"ఈ వారమే కాకా. మీ వంతే నాకొచ్చింది."

"తూర్పు గట్టు కాడ నీళ్ళు నిలుస్తాయి. కాలవ తీసినావా?"

"తీసినా కాకా."

తాత సముద్రం వద్దని కొన్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మార్గరెట్‌కు నేను అనువదించనక్కర లేకపోయింది. ఆవిడ ముక్కు మరింత ఎర్రబడింది.

ఆ తర్వాత బ్రూస్ రెండో మేజోడు సంగతి మరిచి నేల మీద కూర్చుని రెండుసార్లు పరమాన్నం పెట్టించుకున్నాడు. హెలెన్ నుదుట బొట్టుతోనే విమానం ఎక్కింది.

మూత మీద పేరు

వారం ముగిసిన శనివారం అవ్వ అలమరలో మామిడికాయ పచ్చడి సీసా పెట్టి, మూత మీద తమ పేరూ ఊరూ తాత చేత రాయించింది. మిగిలిన తిండి ఏదైనా పారేయాలని మా నియమం. ఆ సంగతి చెప్పాను.

"మిగిలింది గాదు బిడ్డా, పెట్టింది" అంది అవ్వ. "కోత అయినాక గ్యాంగ్‌కు భోజనం పెట్టాల గదా. మన వంతు అయిపోయింది. వెనక వచ్చేటోళ్ళకు ఏదో ఒకటి పెట్టకుండా ఎట్టా పోయేది?"

ఆవిడకు వంతు సంగతి ఆ వారంలో పూర్తిగా అర్థమైందన్నమాట. మార్గరెట్ ఆలోచించి, మూత గట్టిగా బిగించిన సీసాలైతే పర్వాలేదని ఒక అర కేటాయించింది.

పచ్చడి తిన్నవాళ్ళు, పాపం, మంచినీళ్ళు చాలా తాగి ఉంటారు. కానీ వాళ్ళూ తర్వాతి వాళ్ళ కోసం ఏదో పెట్టారు, పేరు రాసి. వాళ్ళ తర్వాతి వాళ్ళూ పెట్టారు. మరుసటి ఏడు తాత వాళ్ళు వచ్చేసరికి అరలో హెలెన్ చేసిన ప్లమ్ జామ్ ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అరలోకి తేనె వచ్చింది, బొమ్మ ముక్కల పెట్టె వచ్చింది, ఫిజీ ఎండలో ఎవరికీ అక్కర్లేని ఉన్ని టోపీ వచ్చింది. ఆ టోపీని ప్రతి కుటుంబమూ భక్తిగా తర్వాతి వాళ్ళకు అప్పగించింది. ఒకే ఇంట్లో ఉంటూ ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూడని జనం వాళ్ళు. మిగతా ఫ్లాట్ల ఓనర్లు వెనక వచ్చేవాళ్ళ పేరు కూడా ఎరగరు.

కెన్ గారి పాయింట్లు

మార్గరెట్ వెళ్ళిపోయాక కొన్నేళ్ళకు కెన్ వచ్చాడు. చురుకైన మనిషి, బూట్లు అద్దంలా తుడుచుకునేవాడు. అతను తెచ్చింది పాయింట్ల పథకం. మీ వారం మాకు ఇచ్చేయండి, బదులుగా పాయింట్లు ఇస్తాం, వాటితో ఏ వారమైనా, ఏ గదైనా, ఖాళీ ఉంటే తీసుకోండి.

ఉన్న మాట చెబుతాను, ఇది చాలామందికి మంచిదే. ఏటా అదే వారం సెలవు దొరకనివాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. మీరు చెప్పవలసింది రెండు సంగతులు: 'ఖాళీ ఉంటే' అన్న మాట గట్టిగా చదివి వినిపించండి, సంతకం పెట్టాక వెనక్కి రాదని చెప్పండి. ఆ తర్వాత వాళ్ళ ఇష్టం.

చిక్కేమిటంటే, ఒక ఫ్లాటు ఓనర్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే ఆ ఫ్లాటు మొత్తం పథకంలోకి పోతుంది. మొదట కొన్నప్పుడే అందరూ దానికి సంతకం పెట్టి ఉన్నారు, చదవకుండా. తాత ఒక్కడూ వద్దంటే సరిపోదు.

కెన్ ఆయన్ను పిలిపించి మర్యాదగానే మాట్లాడాడు. నడుమ నేను. "మీకు వెనక వైపు ఫ్లాటు ఇచ్చారు పాపం. ఇకపై సముద్రం వైపు ఇస్తాను" అన్నాడు.

తాత నవ్వాడు. "సముద్రం నాకెందుకు సార్? మా తాత చెరుకు కూలికి దాని మీదనే వచ్చినాడు. ఆయన చూసింది చాలు."

కెన్ నా వైపు చూశాడు. ఉన్నదున్నట్టు అనువదించాను.

"అందర్నీ అడిగినారా?" అన్నాడు తాత. అందరికీ కాగితాలు పంపామన్నాడు కెన్.

"కాగితం గాదు సార్. గ్యాంగ్‌లో వంతు మార్చాలంటే సర్దార్ అందర్నీ ఒక్క చాప మీద కూసోబెడతాడు. గిన్నెలో యంగోనా వేరు నీళ్ళు కలుపుతాడు. తాగినాకనే మాట."

బయటికి వచ్చాక వసారాలో ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. కెన్ ముందు నవ్విన నవ్వు లేదు. "పొలం పోయినప్పుడు ఏడవలేదు బిడ్డా. గడువు అని ముందే తెలుసు. ఈ కిటికీ గూడా పోతే నేను గౌరికి ఏమి చెప్పేది?" అన్నాడు. జీతం ఇచ్చేది సంస్థ. ఎదుట ఏడ్చేది ఓనరు. ఈ ఉద్యోగంలో రోజూ ఇద్దరి నడుమా నిలబడాలి. నా పద్ధతి చెబుతాను. ఎవరి పక్షాన ప్రచారం చేయకండి, ఎవరికీ అబద్ధం చెప్పకండి. సూటిగా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం ప్రచారం కాదు.

తాత సూటిగానే అడిగాడు. "ఓనర్లందరూ కూసునే రోజు ఏదన్నా ఉందా?"

ఉంది. ఏటా ఓనర్ల సభ జరగాలి. బిస్కట్లు పెట్టేవాళ్ళం, ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. రాలేనివాళ్ళు తమ ఓటు వచ్చేవాళ్ళకు అప్పగించవచ్చు. అదంతా చెప్పాను. సభ మా వారంలో పెట్టుకోవచ్చా అన్నాడు. కెన్‌ను అడిగితే సరేనన్నాడు. బిస్కట్లు ఎప్పుడు పెడితేనేం అనుకుని ఉంటాడు.

చాప మీద సభ

ఆ ఏడు హెలెన్, బ్రూస్ తమ వారం అయ్యాక కూడా ఉండిపోయారు. అంతకుముందే, తాత కబురు అందగానే, హెలెన్ ఇంట్లో కూర్చుని, సీసాల మూతల మీద చూసి రాసుకున్న పేర్లూ ఊళ్ళూ బట్టి నంబర్లు వెతికి అందరికీ ఫోన్లు చేసింది. ఉన్ని టోపీ ఉన్న ఇంటి గురించి అంటే చాలట, అందరూ గుర్తుపట్టారట.

సభ నాడు కెన్ హాల్లోకి వచ్చేసరికి కుర్చీలు గోడకు జరిపి ఉన్నాయి. నేల మీద చాప. నడుమ చెక్క గిన్నెలో సెమి యంగోనా వేరు పొడి నీళ్ళలో పిసుకుతున్నాడు. కెన్ బూట్లు విప్పవలసి వచ్చింది. ఒక మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. బ్రూస్ దాన్ని చూసి ఎంతో ఆప్యాయంగా పక్కకు జరిగి చోటిచ్చాడు.

కొబ్బరి చిప్ప వరసగా తిరిగింది. ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టి తాగాం. నాలుకలు మొద్దుబారాక కెన్ తన పథకం చెప్పాడు. బాగానే చెప్పాడు. ఒక్కో ఫ్లాటు వరసగా లెక్క తేలింది. పథకంలోకి, పథకంలోకి, పథకంలోకి. తాత తల ఎత్తలేదు. అవ్వ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

పద్నాలుగు వచ్చింది. తాత లేచి, చొక్కా లోపలి నుంచి కాగితాల కట్ట తీసి చాప మీద పెట్టాడు. ఆ ఫ్లాటు ఓనర్లలో ఎక్కువమంది తమ ఓటు రాములు తాతకు అప్పగించారు.

కెన్ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. క్రైస్ట్‌చర్చ్, బ్రిస్బేన్, ఎక్కడెక్కడివో. "వీళ్ళంతా మీకెలా తెలుసు?"

"తెలీదు సార్" అన్నాడు తాత. "ఒక్కడి ముఖం గూడా చూడలేదు."

"మరి మీకెందుకు ఇచ్చారు?"

తాతకు ప్రశ్నే విచిత్రంగా తోచింది. "ఒకే ఇంట్లో ఉంటాం గదా" అన్నాడు.

సెమి పెద్దగా చప్పట్లు కొట్టి చిప్ప నింపి కెన్ చేతికిచ్చాడు. కెన్ ఆ కాగితాలను చూశాడు, తాతను చూశాడు, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. పద్నాలుగో నంబరు ఎలా ఉందో అలాగే ఉంటుందన్నాడు. ఓడిపోవడం తెలిసిన మనిషి. ఆ రోజు నుంచి నాకు అతనంటే గౌరవం. గుమ్మంలో అవ్వ ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, అందులో దాపరికం ఏముంది?

శనివారం

వాళ్ళ వారం ముగిసిన శనివారం పొద్దున, ఇంకా ఎనిమిది కాకముందే, ఒక పడుచు జంట నా బల్ల దగ్గరికి వచ్చింది. అవతలి దీవిలోని సావుసావు నుంచి వచ్చిన ఫిజియన్లు. రాత్రంతా పడవలో, అక్కడి నుంచి బస్సులో. ఆ పిల్ల నర్సు. చంకలో చంటిబిడ్డ, ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. పద్నాలుగో నంబరులో తాత తర్వాతి వారం ఒక ముసలి ఓనరు వదిలించుకుంటుంటే వీళ్ళు కొన్నారు. ఇదే మొదటిసారి రావడం.

"లోపల ఇంకా వేరేవాళ్ళున్నారమ్మా, లోపలికి పోయేది రెండింటికి" అని మొదలుపెట్టి, నా మాట నాకే వినబడి ఆగిపోయాను. లేచి వాళ్ళను వెంటబెట్టుకుని మెట్లెక్కాను.

తలుపు తీసింది గౌరమ్మ అవ్వ. వెనక మూటలు కట్టి ఉన్నాయి. వంటింటి కిటికీ దగ్గర తాత నిలబడి, కోత పూర్తయిన పొలాన్ని చూస్తున్నాడు. ఆ పిల్ల ముందుగా వచ్చినందుకు ఇంగ్లీషులో క్షమాపణ చెప్పబోయింది. అవ్వ వినలేదు. బిడ్డ వైపు చూసింది, పాల సీసా వైపు చూసింది. సీసా అందుకుని ఇత్తడి గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. ఈసారి పొంగకుండా పక్కనే నిలబడింది. గుమ్మం బయటే తటపటాయిస్తున్న ఆ ఇద్దరినీ చూసి, వాళ్ళకు రాని తెలుగులో, నవ్వుతూ చెయ్యి ఊపింది.

"రండి, రండి. మీ ఇల్లే."